చిత్రంలో లేని బండి

మా ఊరి మునిసిపల్ పార్కులో షికారు చేసేవాళ్లందరూ ఇకమీదట కుడివైపుకే చూడాలని ఉత్తర్వు వచ్చిన పూట నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. వాచ్‌మన్ ఆ కాగితాన్ని గేటుకి అంటించి, రెండడుగులు వెనక్కి వేసి, అందరికన్నా ముందు తానే కుడివైపుకి తిరిగి నిలబడ్డాడు. అటువైపు మూత్రశాల గోడ ఉంది.

"ఎంతసేపు చూడాలిరా?" అని అడిగాను.

"పార్కు మూసేదాకానంటండి."

"తర్వాత?"

"తర్వాత ఇంటికెళ్లి ఎటు చూసుకున్నా మనిష్టమేనంటండి."

నా పేరు గ్రంధి గవర్రాజు. పార్కులో నేరేడు చెట్టు కింద నాది ముంత కింద పప్పు బండి. మరమరాలు, వేయించిన పప్పులు కుప్పపోసి, వేడి ఆరకుండా పైన నిప్పులు వేసిన ముంత పెట్టి, అడిగినవాళ్లకి ఉల్లిపాయ, క్యారెట్టు, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి, నిమ్మకాయ పిండి, పొట్లం కట్టి ఇస్తాను. నేను వ్యాపారస్తుణ్ణి. ఏది ఎదురైనా వచ్చేది ఒక పక్కా, పోయేది ఒక పక్కా పెట్టి చూసుకోందే నాకు నిద్ర పట్టదు. పెళ్లి కూడా అలాగే చూసుకున్నాను. అవతల మా ఆవిడ కనకరత్నం వాళ్ల నాన్న కూడా అలాగే చూసుకున్నాడు కాబట్టి ఇద్దరం సమానంగా మోసపోయాం.

ఆ నేరేడు చెట్టు నీడ వదులుకోదగ్గది కాదు. పార్కుకి రెండు రకాల మనుషులు వస్తారు. ఒంట్లో షుగరు తగ్గడానికి నడిచేవాళ్లు, ఇంత నడిచాం కదా అని తినేవాళ్లు. మొదటి చుట్టులో మొదటి రకంగా ఉన్నవాడే నాలుగో చుట్టుకి రెండో రకమైపోతాడు. సరిగ్గా ఆ నాలుగో చుట్టులో కాళ్లు లాగే చోట నా బండి ఉంటుంది. ఇటువంటి చోటు ఊరు మొత్తం గాలించినా ఇంకొకటి దొరకదు.

ఇక కుడివైపు సంగతి. అది ఏఈ పుండరీకం గారు, అంటే మునిసిపాలిటీలో చిన్న ఇంజనీరు గారు, నా బండి దగ్గర పొట్లం నములుతూ తానే చెప్పారు.

మార్చి నెలలో పార్కు ఆధునికీకరణకి నిధులొచ్చాయి. నెలాఖరులోగా ప్రతిపాదన పంపకపోతే ఆ నిధులు వెనక్కి పోతాయి. ప్రతిపాదనతో పాటు, పని పూర్తయ్యాక పార్కు ఎలా ఉంటుందో ఒక కళాకారుడు వేసిన బొమ్మ జతచేయాలి. కళాకారుణ్ణి పిలిచి, టెండరు పెట్టి, బొమ్మ వేయించే వ్యవధి లేదు. పుండరీకం గారు తల పైకెత్తి చూస్తే గోడ మీద రంగుల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండరుంది. ఆ నెల బొమ్మ కూడా పార్కుదే. ఆయన తేదీలు కత్తిరించి, పైభాగం పిన్ను చేసి పంపేశారు. పై నుంచి ఆమోదం వచ్చింది, 'జతపరచిన చిత్రం ప్రకారం పనులు పూర్తి చేయవలెను' అని.

ఆ బొమ్మ నేను కూడా చూశాను. ఎవరో ఫ్రెంచి పెద్దమనిషి వందేళ్లకి ముందెప్పుడో వేసినదట. ఏదో పట్నంలో పార్కు, అందులో సాయంకాలం షికారు చేస్తున్న జనం. పొడుగు టోపీలు పెట్టుకున్న మగవాళ్లు, గొడుగులు పట్టుకున్న ఆడవాళ్లు. అందరిలోకీ ముందున్న దొరసానికి నడుం వెనకాల పరికిణీ చిన్న అరుగులా పొడుచుకొచ్చి ఉంది. పక్కన తెల్ల కుక్క. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అవతల రేషను కొట్టు తలుపు తీస్తారని చూస్తున్నట్టు అందరూ కుడివైపుకే చూస్తున్నారు. దగ్గరికెళితే మనిషీ లేడు, చెట్టూ లేదు, అన్నీ రంగుల చుక్కలు. దూరం జరిగితే మళ్లీ మనుషులవుతారు.

కాంట్రాక్టరు తనకి అలవాటైన పార్కు కట్టేశాడు. సిమెంటు బాట, సిమెంటు బల్లలు, సిమెంటు కొంగ. చివరి బిల్లు పాసవ్వాలంటే క్వాలిటీ కంట్రోలు వాళ్లొచ్చి చిత్రాన్నీ పార్కునీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అప్పుడు గానీ కమిషనరు కూర్మనాథం గారు ఆ చిత్రం మొహం చూడలేదు.

చూసిన మర్నాడే ఆయన చిత్రాన్ని తలుపంత ఫ్లెక్సీగా కొట్టించి, సిబ్బందితో సహా పార్కుకి వచ్చి, నా బండి పక్కనే నిలబెట్టించారు.

"పుండరీకం గారూ, క్షేత్రస్థాయిలో కొంత వ్యత్యాసం పరిశీలనకు వస్తున్నది" అన్నారు.

"అయ్యా, అసలు సంగతేంటంటే అది క్యాలెండరు..."

"ఆ మాట మీరు అనలేదు, నేను వినలేదు. ఆమోదముద్ర పడింది కాబట్టి ఇది ఇక చిత్రం కాదు. ప్లాను. ప్లానులో మనుషులున్నారు. కాబట్టి మనుషులు కూడా పనిలో భాగమే. ఈ చుక్కలేమిటి?"

పుండరీకం గారికి తెలియలేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు కళ్లు చికిలించి చూసి, "దోమలనుకుంటానండి" అన్నాడు.

కమిషనరు గారి మొహం విప్పారింది. "అయితే ఆ ఐటం వరకు మన దగ్గర సంతృప్తికరంగా పూర్తయినట్టే. రాసుకోండి."

తర్వాత ఆయన చూపు నా మీద పడింది.

"ఈ బండి చిత్రంలో ఎక్కడ ఉన్నది?"

"లేదండి" అన్నారు పుండరీకం గారు, నా పొట్లం నములుతూనే.

"చిత్రంలో లేనిది క్షేత్రంలో ఉంటే దాన్ని ఏమంటారు?"

"ఆక్రమణ అంటారండి."

చేతులు జోడించాను. "బాబ్బాబు, పద్దెనిమిదేళ్ల నుంచీ ఇక్కడే ఉంటున్నానండి. ఆశీలు కూడా సక్రమంగా కడుతున్నానండి" అన్నాను.

"ఈ చిత్రం వందేళ్ల పైబడి ఉన్నది. సీనియారిటీ ఎవరిది?" అన్నారాయన. తనిఖీ తేదీలోగా బండి తొలగించాలని అక్కడికక్కడే నోటీసు రాయించి నా త్రాసు పళ్లెంలో పెట్టించారు.

మర్నాటి నుంచీ పార్కులో మనుషుల పని మొదలైంది. మామూలు జనం లుంగీలతో, పంజాబీ డ్రస్సులతో, చెవుల్లో వైర్లతో నడుస్తారు కాబట్టి వాళ్లందరినీ 'డీవియేషన్' కింద రాసి గేటు బయట పెట్టారు. చిత్రంలో ఉన్నవాళ్ల కోసం పొరుగుసేవల పద్ధతిలో విహారకులను తీసుకోవాలని తీర్మానించారు. రోస్టరు ప్రకారం ఏ టోపీ ఎవరికి రావాలో రెండు రోజులు తగువు పడ్డారు.

నడక సంఘం అధ్యక్షుడు శరభయ్య మాస్టారు ఊరుకోలేదు. ఆయన కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సంఘం సభ్యులందరినీ వెంటేసుకుని, 'నడక మా జన్మహక్కు' అని అరుస్తూ మునిసిపల్ ఆఫీసులోకి వెళ్లారు. అరగంటలో బయటికి వచ్చారు. నెత్తిన పొడుగు టోపీ ఉంది. పెళ్లి బ్యాండు మేళం వాళ్ల దగ్గర అద్దెకి తెచ్చిన టోపీ అది. ఎర్ర కుచ్చు పీకేశారు గానీ పీకిన చోటు తెలుస్తోంది.

"మాస్టారూ, మరి జన్మహక్కో?" అన్నాను.

"చర్చలు ఫలప్రదమయ్యాయి గవర్రాజూ. సంఘానికి చిత్రంలో రెండు టోపీలిచ్చారు. ఎడం పక్క పెద్ద టోపీ నాదే" అన్నారు గొంతు తగ్గించి.

ముందున్న దొరసాని స్థానం పదహారో వార్డు కౌన్సిలరు మంగతాయారమ్మ గారికి దక్కింది. వెనకాల అరుగు కోసం మొదట ఒక దిండు కట్టారు. పుండరీకం గారు టేపు పట్టుకుని వెళ్లి, కొలవాలో వద్దో తెలియక నాలుగు చుట్లు తిరిగి, చివరికి టేపు జేబులో పెట్టుకుని, "కంటికి తక్కువగానే కనిపిస్తోందండి మేడం గారూ" అన్నారు.

"ఏటయ్యా తక్కువ? ఉన్నదానికి దిండు కూడా కలిపి లెక్కేసుకో!" అని ఆవిడ గయ్యిమంది. అయినా రెండో దిండు కట్టించుకుంది. చిత్రంలో ముందు వరస మరి.

చిత్రంలో నీడలు ఊదారంగులో ఎడమ పక్కకి పడి ఉన్నాయి. మా ఎండకి అంత క్రమశిక్షణ లేదు. అందుకని కాంట్రాక్టరు మనిషికొక నీడ చొప్పున బాట మీద ఊదారంగు పెయింటుతో వేసేశాడు. దాంతో పొద్దున్న పూట ఒక్కొక్కరికీ రెండేసి నీడలు, ఒకటి సూర్యుడిది, ఒకటి మునిసిపాలిటీది. వీధి కుక్కకి టాల్కం పౌడరు పూశారు. అది దులుపుకుంది. మళ్లీ పూశారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నడక దగ్గర వచ్చింది. కమిషనరు గారు చిత్రాన్ని చాలాసేపు చూసి, "వీరు నడుస్తున్నట్టు ఉన్నారు గాని, నడవడం లేదు. గంట నుంచీ గమనిస్తున్నాను. ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు" అన్నారు. 'విహారకులు నడుచుచున్న భంగిమలో నిలబడి ఉండవలెను' అని మరో ఉత్తర్వు వచ్చింది. డాక్టరు నడవమన్న మాస్టారితో సహా అందరూ ఒక కాలు గాల్లో పెట్టి, కుడివైపుకి చూస్తూ, సాయంత్రం దాకా నిలబడుతున్నారు.

"షుగరు పెరిగింది గవర్రాజూ" అన్నారు శరభయ్య మాస్టారు, పెదాలు కదలకుండా. "పెరిగితే పెరిగింది. వీధిలో గౌరవం కూడా పెరిగింది."

నా సంగతి మాత్రం తేలలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెప్పుకుంటే కనకరత్నం చెక్కలు వత్తుతూ విని, "బొమ్మలో లేకపోతే ఎక్కించుకోవాలి గానీ దానికి ఏడుపెందుకండీ? ఓటర్ల లిస్టులో పేరు లేకపోతే వెళ్లి ఎక్కించుకోలేదేటి?" అంది.

"అది గీసినాయన పోయి వందేళ్లయిందే."

"లిస్టులో మా తాతయ్య కూడా పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పటికీ ఓటేస్తన్నాడు."

మర్నాడు కంసాలి దగ్గర భూతద్దం అరువు తెచ్చుకుని, ఫ్లెక్సీని పై నుంచి కింద దాకా వెతికాను. చెట్ల వెనకా, టోపీల సందులోనూ, దొరసాని గొడుగు కిందా చూశాను. కుడి చివర ఒక చెట్టు మొదట్లో గోధుమరంగు మరక కనిపించింది. అది రాయి కావచ్చు, పొద కావచ్చు, ఎవరి గోనెసంచో కావచ్చు. నా ప్రాణం లేచొచ్చింది. ఏదీ కానిదాన్ని మనదని చెప్పుకోవడం వ్యాపారంలో మొదటి పాఠం.

ఆ మరక నా బండేనని అర్జీ పెట్టాను. వాసన పట్టి గేటు దగ్గరి చెరుకురసం నూకరాజు కూడా అది తన మిషనేనని అర్జీ పెట్టాడు. వాడికీ నాకు లాగే నోటీసు వచ్చింది. కమిషనరు గారు ఫ్లెక్సీ ముందే కుర్చీ వేయించుకుని ఇద్దరినీ విచారించారు.

"ఆయ్, అది చెరుకు మిషనేనండి బాబూ. ఆ చక్రం చూడండి, గుండ్రంగా ఎలా ఉందో" అన్నాడు నూకరాజు.

"గుండ్రంగా ఉన్నదల్లా నీ చక్రమైతే కమిషనరు గారి తల కూడా నీదే అనేలా ఉన్నావురా" అన్నాను.

కమిషనరు గారు బట్టతల తడుముకుని, "విచారణతో సంబంధం లేని స్థిరాస్తుల ప్రస్తావన వద్దు" అన్నారు. "గవర్రాజూ, నీ వాదనకు ఆధారం?"

నేను మాటలతో అమ్మేవాణ్ణి కాదు. ఎదురుగా పొట్లం విప్పాను. "అయ్యా, ఇందులో ఉల్లిపాయ తెల్లగా, క్యారెట్టు ఎర్రగా, మిర్చి పచ్చగా వేటికవే ఉన్నాయా? ఏదీ దేంట్లోనూ కలవలేదు. ఒక పలుకు పక్కన ఒక పలుకు. అయినా నోట్లో వేసుకుంటే అన్నీ కలిసి ఒకటే రుచి. ఆ ఫ్రెంచాయన కూడా అంతే చేశాడండి. చుక్క పక్కన చుక్క పెట్టి, కలపడం చూసేవాడి కంటికి వదిలేశాడు. ఇటువంటి ఐడియా చెరుకురసం తాగేవాడికి వస్తుందా? పార్కులో ఎవడి దగ్గరో పప్పు తిన్నాకే వచ్చి ఉంటుంది. ఆ తిన్నచోటే ఈ మరక."

కమిషనరు గారు ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, చిత్రం వైపు తిరిగి నమిలారు. "సాంకేతికంగా ఆలోచించదగిన విషయం" అన్నారు.

"అదేంటండీ, ఆడు తినిపించి గెలిచేస్తన్నాడు! నేనో గ్లాసు పట్టుకొస్తానుండండి" అని నూకరాజు పరిగెత్తాడు. వాడు ఐసు కొట్టి తెచ్చేలోపు ఉత్తర్వు రాయడం అయిపోయింది. 'చిత్రమందలి గోధుమరంగు అస్పష్టాకారము గ్రంధి గవర్రాజు బండిగా గుర్తించబడినది' అని మొదటి వాక్యం. చదివి కమిషనరు గారికి దణ్ణం పెట్టాను. రెండో వాక్యం అప్పటికి చదవలేదు.

'అయితే సదరు బండి చిత్రమందు వలెనే ఎల్లవేళలా అస్పష్టముగా ఉండవలెను.'

అస్పష్టంగా ఉండడమంటే ఏమిటో పుండరీకం గారు విడమరిచి చెప్పారు. బండి బండిలా కనిపించకూడదు. బోర్డు ఉండకూడదు. చిత్రంలో పొగ లేదు, ముంతలో నిప్పులు వేయకూడదు. చిత్రంలో చప్పుడు లేదు, కేక వేయకూడదు. చిత్రం వాసన రాదు, ఉల్లిపాయ తరగకూడదు. ముఖ్యంగా మరక దగ్గర ఎవరూ నిలబడి లేరు కాబట్టి బేరం రాకూడదు.

గోధుమరంగు గోనెపట్టా కప్పుకుని, బండితో సహా దాని కింద కూర్చున్నాను. చోటు నిలబడింది. ఆ వారమంతా చోటు తప్ప ఇంకేమీ నిలబడలేదు. మరమరాలు మెత్తబడ్డాయి. పట్టా కింద ఉక్కకి నేను కూడా మెత్తబడ్డాను. ఈ తనిఖీ ఒక్కటీ గట్టెక్కితే మళ్లీ నిప్పులు వేసుకోవచ్చని ఒకటే ఆశ.

క్వాలిటీ కంట్రోలు పెద్ద ఇంజనీరు పార్వతీశం గారు పొద్దున్న వస్తారనుకుంటే భోజనాల వేళ దాటాక వచ్చారు. దారిలో ఇంకో రెండు వంతెనలు చూసి వస్తున్నారట. పట్టా చిల్లులోంచి అంతా చూస్తూనే ఉన్నాను. మంగతాయారమ్మ గారు గొడుగెత్తి, రెండు దిండ్లతో బొమ్మలా నిలబడింది. శరభయ్య మాస్టారి కాలు గాల్లో ఉంది. కుక్క తెల్లగా ఉంది. పుండరీకం గారు చదువుతుంటే పార్వతీశం గారు టిక్కులు పెట్టుకుంటున్నారు.

"పొడుగు టోపీలు?"

"ఉన్నాయండి."

"నీడలు?"

"ఒకటి అదనంగా ఉందండి."

"అదనం పర్వాలేదు, తక్కువుంటేనే కోత. ఆ పట్టా ఏమిటి?"

"అస్పష్టమండి."

"లోపల ఏముంది?"

"అది కూడా అస్పష్టమేనండి" అన్నారు పుండరీకం గారు. కమిషనరు గారు ఉత్తర్వు కాపీ అందించబోయారు. పార్వతీశం గారు అది తీసుకోకుండా వచ్చి పట్టా ఎత్తేశారు. వెలుతురుకి నాకు కళ్లు బైర్లు కమ్మాయి.

"ఎవరయ్యా నువ్వు?"

"అస్పష్టాన్నండి" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

ఆయన నా కేసి చూడడం లేదు. ముంత కేసి చూస్తున్నారు. "ముంత కింద పప్పా! పొద్దున్నించి మంచినీళ్లు తప్ప లోపలికి ఏమీ వెళ్లలేదయ్యా. గబగబా ఒక పొట్లం కట్టు. కారం దండిగా వెయ్యి."

ఆయన వెనకాల కమిషనరు గారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నారు. కడితే ఉత్తర్వు ఉల్లంఘన, చోటు పోతుంది. కట్టకపోతే తనిఖీకి వచ్చిన పెద్దాయనకి కోపం, అప్పుడూ చోటు పోతుంది. ఎలాగూ పోయేదానికి ఆకలితో ఉన్న మనిషిని తిప్పి పంపడమెందుకు? ముంతలో నిప్పులు రాజేశాను. ఉల్లిపాయ తరిగాను.

వారం రోజులుగా పార్కులో లేని వాసన ఒక్కసారిగా లేచింది. మొదట శరభయ్య మాస్టారి ముక్కు ఎడమవైపుకి తిరిగింది. వెనకాలే తల తిరిగింది. తర్వాత కాలు కిందికి దిగింది. "ఏవయ్యా, నాకు నిమ్మకాయ ఎక్కువ!" అని కేకేసి, టోపీ చంకలో పెట్టుకుని వచ్చేశారు. "ఆ టోపీలోళ్లకి ముందా? ఆడమనిషి నిలబడుంటే కనపడట్లేదేటి?" అంటూ మంగతాయారమ్మ గారు గొడుగు మడిచి, జారిపోతున్న దిండ్లు ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పొరుగుసేవల వాళ్లు తోసుకుంటూ వచ్చారు. కుక్క వచ్చి అందరి కాళ్లకీ పౌడరు రాసింది. కాసేపటికి బాట మీద మునిసిపాలిటీ నీడలు తప్ప ఎవరూ మిగల్లేదు.

కమిషనరు గారు చెట్టుకి చేరగిలబడిపోయారు.

పార్వతీశం గారు పొట్లం అడుగు దాకా తిని, కాగితం దులిపి నోట్లో పోసుకుని, చేతులు తుడుచుకున్నారు. "చిత్రానికీ సైటుకీ తేడా ఉంది" అన్నారు.

"అయ్యా, రేపటిలోగా సైటుని పూర్తిగా సరిదిద్దిస్తాం" అన్నారు కమిషనరు గారు.

"సైటుని ఎందుకండీ సరిదిద్దడం? ఉద్యోగంలో చేరిన కాడి నుంచీ ఎక్కడైనా సైటుని మార్చడం చూశారా? తేడా వస్తే చిత్రాన్ని మార్చండి. సవరించిన చిత్రం పెట్టండి, సంతకం పెట్టేస్తాను. పొద్దున్న చూసిన రెండు వంతెనలూ అలాగే సరిపోయాయి."

కమిషనరు గారికి ఒక్కసారిగా రంగు వచ్చింది.

ఫ్రెంచి బొమ్మని సవరించే పని లారీల వెనక చిలకలూ తామరపువ్వులూ వేసే పెంటారావుకి ఇచ్చారు. వాడు చుక్కల జోలికి పోలేదు. ఆ ఫ్లెక్సీ మీదే కుడి పక్కన నన్నూ, నా బండినీ ఎనామిల్ పెయింటుతో నున్నగా వేశాడు. నాకు లేని మీసం పెట్టాడు. చెయ్యి చాచి పొట్లం ఇస్తున్నట్టు గీశాడు. ఎదురుగా నోరు తెరిచి అందుకుంటున్న పార్వతీశం గారిని గీశాడు. అప్పుడక్కడ లేకపోయినా తనకి కూడా చోటుండాలని కోరిన మునిసిపల్ చైర్మన్ గారిని దొరసాని గొడుగు కింద ఇరికించాడు. చిత్రం పైకి వెళ్లింది, ఆమోదం వచ్చింది. కాంట్రాక్టరు బిల్లు పాసైంది. నా నోటీసు రద్దయింది. ఆ చోట మరకని కాను, మీసంతో సహా సాక్షాత్తూ నేనే!

కనకరత్నం దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు నేను నిప్పులు రాజేస్తుంటే పుండరీకం గారు వచ్చి, నా ఎదుట నోరు తెరిచి నిలబడ్డారు.

"పొట్లం కట్టమంటారా?"

"కట్టు. డ్యూటీ వేశారు" అన్నారు. సవరించిన చిత్రం ప్రకారం నా ఎదుట ఎల్లప్పుడూ ఒక అధికారి తింటూ ఉండాలట. ఆ స్థానం ఖాళీగా ఉంటే డీవియేషనట. పొద్దున్న ఇంజనీరింగు, మధ్యాహ్నం శానిటేషను, సాయంత్రం రెవెన్యూ సెక్షను అని వంతులేశారు. చిత్రంలో ఇంకెవరూ కొంటున్నట్టు లేదు కాబట్టి మామూలు జనానికి అమ్మకూడదు.

తిన్నాక ఆయన వేళ్లు నాక్కుంటూ వెళ్లిపోబోయారు. "అయ్యా, పొట్లం డబ్బులండీ" అన్నాను.

ఆయన ఫ్లెక్సీ వైపు చూపించారు. "నీ చెయ్యి ఇస్తోంది. ఈయన చెయ్యి తీసుకుంటోంది. డబ్బులిచ్చే చెయ్యి ఎక్కడుందో చూపించు."

శానిటేషను వాళ్లు ఇంకా దారుణం. వంతుకి ఒకడే రావాల్సి ఉండగా, నోరు సరిగ్గా తెరుస్తున్నాడో లేదో చూడడానికి ఇద్దరు పర్యవేక్షకులొచ్చేవాళ్లు. ఆ ఇద్దరూ సరిచూడడానికి తినేవాళ్లు. నెల తిరక్కుండానే పప్పుల బస్తా అడుగు కనిపించింది. కమిషనరు గారి దగ్గరికి పరిగెత్తాను.

"బాబ్బాబు, నన్ను మళ్లీ ఆక్రమణ చేసేయండి. ఆ పాత నోటీసే ఇప్పించండి. ఇవాళే బండి తీసేసుకుంటాను."

ఆయన కళ్లజోడు తీసి జాలిగా చూశారు. "ఆక్రమణను తొలగించే అధికారం నాకు ఉన్నది. ఆమోదిత నిర్మాణాన్ని తొలగించే అధికారం నాకు లేదు. నీవు ప్రస్తుతం ఆమోదిత నిర్మాణానివి. మనసు రాయి చేసుకో."

ఇంటికెళ్లి కూలబడ్డాను. కనకరత్నం మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"పార్కుకొచ్చే జనం ఇప్పుడు ఎక్కడ నడుస్తన్నారండీ?"

"గోడ బయట. లోపలికి రానివ్వడం లేదుగా. చుట్టూ రోడ్డు మీద తిరుగుతున్నారు. పైగా లోపలి వింత చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు."

"మరి మీరెక్కడున్నారు?"

"బొమ్మలో."

గ్లాసు తీసుకుని లోపలికెళ్లిపోయింది. ఆ సాయంత్రమే పెంటారావుని పిలిపించి మాట్లాడుకున్నాను. బొమ్మలో ఉన్నట్టే ప్లైవుడ్డు మీద నన్ను వేశాడు. మీసం, బండి, ముంత, చాచిన చేతిలో పొట్లం, అన్నీ నిలువెత్తున కోసి, వెనకాల కర్ర బిగించాడు. తెల్లారి పార్కు తెరిచేసరికి అది నేరేడు చెట్టు కింద నిలబడి ఉంది. కమిషనరు గారు వచ్చి చిత్రాన్నీ దాన్నీ మార్చి మార్చి చూసి, "బాగున్నది గవర్రాజూ. ఇదివరకు నీకు మీసం లేని లోపం ఒకటి ఉండేది. ఇప్పుడు చిత్రానికి పూర్తిగా సరిపోయావు" అని దాని భుజం తట్టి వెళ్లారు.

అసలు బండిని గోడ అవతల రోడ్డు పక్కన పెట్టాను. అక్కడ నీడ లేదు గానీ జనం ఉన్నారు. నాలుగో చుట్టులో కాళ్లు లాగే చోటు ఎక్కడిదైనా ఒకటే. టోపీకి రాజీనామా చేసి శరభయ్య మాస్టారు కూడా ఇటే నడుస్తున్నారు.

లోపల డ్యూటీలు మాత్రం ఆగలేదు. వంతు వచ్చిన అధికారి ప్లైవుడ్డు ముందు నోరు తెరుచుకుని నిలబడి, వంతు అయ్యాక సంతకం పెట్టి వెళుతున్నాడు. మొన్న గోడ మీంచి పుండరీకం గారి తల కనిపించింది. పాపం పొద్దుటి నుంచీ ప్లైవుడ్డు పొట్లానికి ఎదురుగా ఉన్నారు.

"గవర్రాజూ, వాసనకి ప్రాణం పోతోందయ్యా. గోడ మీంచి ఒక పొట్లం అందించు. ఎవరూ చూడరు."

"అందించకూడదండి. బొమ్మలో గోడ మీంచి చెయ్యి లేదండి" అని చెప్పి, శరభయ్య మాస్టారి పొట్లంలోకి నిమ్మకాయ పిండాను.